మంచులో ఏసీ రిపేరు

ఇండియా నుంచి వచ్చి మేము స్థిరపడ్డ ఈ అరోరా ఊళ్ళో ఏసీలు బాగుచేసేవాళ్ళకి చలికాలమంతా ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసుల పనే. నవంబరు వచ్చాక ఏసీ మాట ఎత్తే మనిషి ఊరంతా వెతికినా దొరకడు. కిందటేడాది దాకా ఎత్తింది ఒక్క మల్లికార్జునరావు గారే. బయట మోకాలిలోతు మంచు పడి, గాలికి చెవులు తెగిపోతున్న రోజున ఆయన ఫోన్ చేసి, మా ఏసీ ఆగిపోయింది, మనిషిని పంపండి అనేవారు. అవతల ఫోన్ ఎత్తినవాళ్ళు హీటరేమో అనుకునేవారు. కాదండీ, ఏసీయే అని ఆయన మళ్ళీ నెమ్మదిగా చెప్పేవారు.

ఈ సంగతి మనవాళ్ళందరికీ తెలుసు. గుళ్ళో ప్రసాదం ప్లేటు పట్టుకుని నిలబడి దీని గురించే మాట్లాడుకునేవారు. పాపం, మతి చలించింది అనేవారు కొందరు. అప్పుడు డబ్బులు చూసుకున్నాడు, ఇప్పుడు దేవుడు కక్కిస్తున్నాడు అనేవారు ఇంకొందరు. ఆ రెండో రకం మాట నా చెవిన పడిందా, అక్కడికక్కడే కడిగేసేదాన్ని. నా పేరు దమయంతి. ఇడ్లీ పిండి, కారప్పొడులు, పండక్కి అరిసెలు కావాలంటే ఈ చుట్టుపక్కల అందరూ నా దగ్గరికే రావాలి కాబట్టి, నేను ఎన్ని అన్నా పడతారు.

ఆయన పిసినారి కాదు. రెంటచింతల మనిషి, అంతే. పల్నాడులో ఆ ఊరి ఎండ గురించి వినని తెలుగువాళ్ళుండరు. వేసవిలో రేడియో వార్తల్లో ఎక్కడ ఎక్కువ ఎండ కాసిందో చెప్పేటప్పుడు ఆ ఊరి పేరే వినిపించేది. ఆయనకి అదో గొప్ప. మా ఊళ్ళో కోట ఉంది, మా ఊళ్ళో ఫలానా నాయకుడు పుట్టాడు అని మిగతావాళ్ళు చెప్పుకుంటే, ఈయన మా ఊళ్ళో ఎండ ఉంది అని చెప్పుకునేవారు. మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా బడి నుంచి ఇంటికి పరుగెత్తిన కథ ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు. ఆయన భార్యదీ ఆ ఊరే. జ్ఞానప్రసూన ఆమె పేరు. నేను ప్రసూన వదిన అనేదాన్ని, ఆయన్ని అన్నయ్యగారూ అనేదాన్ని. ఇక్కడ రక్తసంబంధాలు లేనివాళ్ళం వరసలు కలుపుకునే బతుకుతాం కదా.

వాళ్ళు ఇక్కడికి వచ్చేటప్పటికి కూతురు దేదీప్యకి ఏడేళ్ళు. ఆయన ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో కంప్యూటర్ ప్రోగ్రాముల టెస్టింగ్ పని చేసేవారు. వదిన ఇల్లు చూసుకునేది. డ్రైవింగ్ నేర్చుకుంటానని ఒకసారి స్టీరింగ్ పట్టుకుని, షాపు ముందు సామాను తోసుకెళ్ళే బండ్ల వరసని గుద్ది, ఇక నా వల్ల కాదని దిగిపోయింది. అప్పటి నుంచి ఆమె ఎక్కడికి వెళ్ళాలన్నా ఆయనే తీసుకెళ్ళాలి. ఇద్దరూ కలిసి మా ఇంటికి వస్తే నవ్వులే నవ్వులు. జులైలో చమట తుడుచుకుంటున్న మనవాళ్ళని చూసి, మీరు కోస్తావాళ్ళయ్యుండి ఈ ఎండకే ఇలా అయిపోతే ఎలా అని ఆయన ఆటపట్టించేవారు. వదిన పక్కన కూర్చుని చిరునవ్వు నవ్వేది.

2012లో వచ్చిన ఎండలు గుర్తున్నాయా? జూన్ చివర్లో ఊరు ఊరంతా వేడెక్కిపోయింది. సరిగ్గా అప్పుడే వాళ్ళింట్లో ఏసీ చచ్చింది. రిపేరు మనిషి వచ్చి పెరట్లో ఉన్న పెట్టె విప్పి, కంప్రెసర్ పోయిందన్నాడు. ఇది పాత రకం, ఇందులో పోసే గ్యాస్ ధర మండిపోతోంది, బాగుచేయాలంటే రెండు వేల ఏడు వందల డాలర్లు, కొత్తది పెట్టించుకుంటే దానికి రెట్టింపు పైనే అన్నాడు. అందరి ఏసీలూ ఒకేసారి పాడయ్యాయి కాబట్టి ఏదైనా సరే పది రోజులు ఆగాలన్నాడు. ఎండలెక్కువగా ఉండే ప్లేనోలో మా అక్క వాళ్ళు అంతకుముందే ఇదే రిపేరు అందులో సగానికి చేయించుకున్నారు. అక్కడ ఏడాదిలో సగం రోజులు ఏసీ పని ఉంటుంది. మా చలి ఊళ్ళో ఆ పని చేసేవాళ్ళే తక్కువ, వాళ్ళు సంపాదించుకునేది ఆ నాలుగు రోజులే.

అన్నయ్యగారు వద్దన్నారు. ఈ ఊళ్ళో ఎండ కాసేదే ఆరు వారాలు, మిగతా ఏడాదంతా మంచు తవ్వుకోవడమే, ఆ ఆరు వారాలకి ఇంత పోస్తామా అన్నారు. వదిన కూడా వద్దనే అంది. ఆ చల్లగాలి తగిలితే నాకు మోకాళ్ళు పట్టేస్తాయి, ఫ్యాన్లు చాలు అంది. ఇద్దరూ వెళ్ళి రెండు ఫ్యాన్లు కొనుక్కొచ్చారు. వాటిని ఎక్కడ పెట్టారో ఫోన్‌లో నాకు వర్ణించి చెప్పింది కూడాను. నేనప్పుడు ప్లేనోలో అక్క దగ్గర ఉన్నాను.

నన్నడిగితే ఇది మనవాళ్ళు మాత్రమే చేయగలిగిన తప్పు. వాళ్ళ పక్కింటి తెల్లవాళ్ళకి ఏసీ పోతే మర్నాడే సామాను సర్దుకుని హోటల్‌కి పోయారు. వాళ్ళకి ఎండంటే భయం. మనకి ఎండ చుట్టం. కానీ మన ఎండ వేరు, మన ఇల్లు వేరు. అక్కడ ఎదురెదురు కిటికీలు, గచ్చు నేల, నీళ్ళు చిలకరించి పడుకుంటే ఒళ్ళు చల్లబడుతుంది. ఇక్కడ ఇల్లు కట్టేదే వేడి బయటికి పోకుండా. గోడల్లో దూది, నేలంతా కార్పెట్, కిటికీ తీసినా గాలి ఆడదు. ఒకసారి వేడెక్కిందంటే ఆ ఇల్లు థర్మాస్ ఫ్లాస్కే. మేడ మీద గదులైతే మరీను. అన్నయ్యగారికి ఈ సంగతి తెలియక కాదు, ఇంజనీరింగ్ చదివిన మనిషే. రెంటచింతలలో పుట్టిన ఒంటికి ఎండ ఏమీ చేయదని లోపల ఎక్కడో నమ్మారు. వదిన యాభై దాటిన మనిషని, బీపీకి వేసుకునే మాత్రల్లో ఒకటి ఒంట్లో నీళ్ళు లాగేస్తుందని ఇద్దరికీ తట్టలేదు.

జులై మొదటి వారంలో ఒక సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి వదిన మేడ మీద పడగ్గదిలో మంచం మీద వాలిపోయి ఉంది. పక్కన ఫ్యాను తిరుగుతూనే ఉంది. అంబులెన్సు వచ్చింది గానీ ఏం లాభం, ప్రాణం ఎప్పుడో పోయింది.

నేను ఫోన్ వచ్చిన పూటే బయల్దేరి వచ్చాను. దేదీప్య అప్పుడు కొలంబస్‌లో ఫార్మసీ చదువుతోంది, సెలవుల్లో అక్కడే ఒక ఆసుపత్రిలో పని చేస్తోంది. వచ్చింది. అన్ని పనులూ చేసింది. వచ్చినవాళ్ళందరికీ నీళ్ళిచ్చింది. తండ్రి ముఖం వైపు మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. కర్మకాండలయ్యాక వెళ్ళిపోయింది, మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు. ఆయన ఫోన్ చేస్తే ఎత్తదు. నాకు మాత్రం చేసి, నాన్న తింటున్నారా ఆంటీ అని అడిగేది. తింటున్నారని చెబితే పెట్టేసేది. రిపేరుకి డబ్బు పెట్టలేదని తండ్రి మీద పగబట్టిందని ఊళ్ళో అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. ఆయన అయితే దాని గురించి ఒక్క మాట మాట్లాడేవారు కాదు. ఆ పిల్ల ఒక్కసారి ఇంటికొచ్చి నాన్నా అంటే చాలు, ఆయన ఇంకేమీ కోరుకోలేదు.

పాత ఏసీ తీయించేసి కొత్తది పెట్టించారు. అది చాలక మేడ మీద పడగ్గదికి, ఇండియాలో పెట్టుకునేలాంటిది, గోడకి విడిగా ఇంకొకటి పెట్టించారు. వేసవి పోయింది, ఆకులు రాలాయి, మంచు మొదలైంది. ఆ గది ఏసీ ఆగలేదు. హీటర్ గాలి వచ్చే జాలీకి అట్ట అంటించి మూసేశారు. ఆయన కింద హాల్లో సోఫా మీద స్వెట్టర్ వేసుకుని, చెవులు మూసే టోపీ పెట్టుకుని పడుకునేవారు. పైన ఎవరూ లేని గదిలో పక్క నీటుగా వేసి ఉండేది. ఆ తలుపు తీస్తే ఫ్రిజ్ తలుపు తీసినట్టుండేది. ఒకటి రెండుసార్లు చూశాక నేను ఆ మెట్లెక్కడం మానేశాను. ఎవరో లోపల ఉన్నారు, కాస్త ఆగి వద్దాం అనిపించేది, అంతకంటే ఎలా చెప్పను?

ఆ రకం ఏసీ చలిలో నడపకూడదట. నడిపితే కంప్రెసర్ దెబ్బతింటుందట. మొదటి చలికాలం ఫ్యాన్ మోటారు పోయింది, తర్వాతి ఏడు కంప్రెసరే పోయింది. ఇలా వాడితే వారంటీ చెల్లదన్నారు కంపెనీవాళ్ళు. మంచు తవ్వి ఇంటి బయట ఉన్న ఏసీ పెట్టె దగ్గరికి దారి చేయాలని రిపేరువాళ్ళు అదనంగా అడిగేవారు. ఒకాయన అయితే, మీ డబ్బు తీసుకోవడానికి నాకే సిగ్గుగా ఉంది, ఆపేయండి అని మొహం మీదే చెప్పాడు. అన్నయ్యగారు తలూపి, చెక్కు రాసిచ్చి, అతను గేరేజ్ దాటకముందే మళ్ళీ ఆన్ చేశారు. వాళ్ళ ఇంటి పక్కగా నడుస్తుంటే తెల్లటి మంచులో ఆ యంత్రం మూలుగు వినిపించేది. నాకు చలికి పుట్టని వణుకు అప్పుడు పుట్టేది.

2014 జనవరిలో గడ్డకట్టే చలి వచ్చింది చూడండి, బడులు కూడా మూసేశారు, అప్పుడు సాంబారు గిన్నె పట్టుకుని వెళ్ళాను. ఏసీ నడుస్తూనే ఉంది. ఇక నా వల్ల కాలేదు. ఏమిటండీ ఈ పిచ్చి, వదిన తిరిగొస్తుందా, మీరూ పోతే ఆ పిల్లకి ఎవరున్నారు అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన అంతా విన్నారు. తర్వాత నా వైపు చూడకుండా చెప్పారు.

"ఆ రోజు మధ్యాహ్నం ప్రసూన నాకు ఆఫీసుకి ఫోన్ చేసింది చెల్లెమ్మా. ఎవరికీ చెప్పలేదు నేను. బాగా ఉక్కగా ఉంది, లైబ్రరీలో ఏసీ ఉంటుంది, అక్కడికి పోయి కూర్చుంటే బాగుండు అంది. రెంటచింతల ఆడపడుచువి, ఈ మాత్రం ఎండకే ఊరి పరువు తీస్తావా అన్నాను. నవ్వింది. నవ్వి పెట్టేసింది."

రమ్మని అడిగిందా అన్నాను. లేదన్నారు. తను రమ్మని అనలేదు, నేను వస్తాననీ అనలేదు, నవ్వింది కదా, బాగానే ఉందనుకుని పనిలో పడిపోయాను అన్నారు. ఏసీ ఆగిన రాత్రి తనకి ఆ నవ్వు వినిపిస్తుందట. ఆ మాట విన్నాక ఇక తిట్టడానికి నాకు మనసొప్పలేదు. గిన్నె అక్కడ పెట్టి వచ్చేశాను. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, నోరు జారే నేను కూడా.

కిందటేడాది ఫిబ్రవరిలో, అంటే 2015లో, దేదీప్య ఫోన్ చేసింది. కాలిఫోర్నియాలో డబ్లిన్ అనే ఊళ్ళో ఉద్యోగం వచ్చిందట. అంత దూరం పోయేముందు అమ్మ చీరలు తీసుకెళ్తాను ఆంటీ, మీ ఇంట్లోనే ఉంటాను, ఆ ఇంటికి ఒక్క గంట వెళ్దాం, మీరు కూడా రండి అంది. నేను ఆయనకి చెప్పాను. మర్నాడు వెళ్ళి చూస్తే ఇల్లంతా తుడిచి, దోసకాయలు కొనుక్కొచ్చి, పప్పు ఎలా చేయాలని నన్నే అడుగుతున్నారు.

దేదీప్య వచ్చిన రోజు మేము వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. వాకిట్లో రిపేరు వ్యాన్ ఉంది. ఈ రోజే పాడవ్వాలా ఆ మాయదారి మెషీను, పాడైతే అయింది, ఈ రోజే పిలవాలా ఈయన? లోపలికి అడుగుపెట్టేసరికి ఆ మనిషి లెక్క చెబుతున్నాడు. మళ్ళీ కంప్రెసరే పోయింది, పద్దెనిమిది వందలవుతుంది, నా మాట విని చేయించకండి అంటున్నాడు. చేయండి అన్నారు అన్నయ్యగారు. అప్పుడు కూతుర్ని చూశారు. పార్ట్ తెప్పించి వస్తానని ఆ మనిషి వెళ్ళిపోయాడు.

దేదీప్య మంచు బూట్లు కూడా విప్పలేదు. గుమ్మం దగ్గరే నిలబడింది.

"అమ్మకి కావాల్సినప్పుడు చేయించలేదు," అంది. "ఇప్పుడు స్నోలో చేయిస్తున్నారా? ఎవరి కోసం నాన్నా?"

వంటింట్లోంచి మాడు వాసన వస్తోంది. నేను వెళ్ళి స్టవ్ ఆపి వచ్చాను. వచ్చేసరికి ఆ పిల్ల గొంతు మారింది. ఏసీ గురించి తనకి కోపం లేదంది. అమ్మ కూడా రిపేరు వద్దందని తనకి తెలుసంది.

"ఆ రోజు అమ్మ నాకు కాల్ చేసింది. నేను వర్క్‌లో ఉన్నాను. వాయిస్ బాలేదు. అంబులెన్స్ కోసం నైన్ వన్ వన్‌కి కాల్ చేయనా అని అడిగా. వద్దు, నాన్నతో మాట్లాడాను, నాన్న బయల్దేరారు, లైబ్రరీకి తీసుకెళ్తారు అంది. మీరు వస్తున్నారు కదా అని నేను ఫోన్ పెట్టేశా." అప్పుడు ఆయన ముఖంలోకి చూసింది. "మీరు ఎందుకు రాలేదు నాన్నా?"

ఆయన వస్తానని అనలేదే! నా నోరు తెరుచుకుంది కూడా. ఆయన నా వైపు ఒక్క చూపు చూశారు. అన్నేళ్ళ పరిచయంలో ఆయన నన్ను నోరు మూసుకోమన్నది అదొక్కసారే.

"అవునమ్మా," అన్నారు. "బయల్దేరతానన్నాను. మీటింగులో పడి మర్చిపోయాను."

ఆ పిల్ల అలాగే గోడకి జారబడి చెప్పుల బల్ల మీద కూలబడింది. ఇన్నేళ్ళూ ఇది మీ నోటితో చెబుతారని వెయిట్ చేశాను నాన్నా, నేను ఫోన్ పెట్టేసినందుకే అమ్మ పోయిందేమోనని రోజూ అనుకునేదాన్ని అని ఏడ్చింది. తల్లి పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. ఆయన వచ్చి ఆమె ముందు నేల మీద కూర్చుని, ఒక్కొక్క బూటు తాడు విప్పి, తీసి పక్కన పెట్టారు. చిన్నప్పుడు బడి నుంచి వస్తే అలాగే తీసేవారట, వదిన చెప్పేది. నేను వంటింట్లోకి వెళ్ళి మాడిన పప్పు మీద నా ఏడుపు ఏడ్చుకున్నాను.

ఆ రాత్రి మా ఇంటికి రాలేదు, అక్కడే పడుకుంది. మర్నాడు నేను ఎయిర్‌పోర్ట్‌కి తీసుకెళ్ళడానికి వెళ్తే తండ్రీకూతుళ్ళు కాఫీ తాగుతున్నారు. రిపేరు ఇక వద్దు నాన్నా, ఆ జాలీ తెరిచేశాను అంది. సరేనమ్మా అన్నారు. వెళ్ళేటప్పుడు ఆయన్ని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. కారులో దారిపొడుగునా ఉగాదికి టికెట్లు ఎంతుంటాయోనని ఫోన్‌లో చూసుకుంటూ కూర్చుంది. ఆ పిల్ల ముఖం అంత తేలిగ్గా ఉండగా చూసి ఎన్నాళ్ళయిందో.

ఆమెను దించి నేను తిన్నగా ఆయన దగ్గరికి వెళ్ళాను. కోపం ఆగలేదు మరి. చేయని తప్పు నెత్తిన వేసుకుంటారా ఎవరైనా, జన్మంతా ఆ పిల్ల మా నాన్న మాటిచ్చి మర్చిపోయాడనే అనుకోవాలా అని నిలదీశాను.

"నిజం చెబితే దానికి ఫోన్ పెట్టేసిన సంగతొక్కటే మిగులుద్ది," అన్నారు. "నాకెట్టాగూ ఉంది మోత. ఇంకొంచెం చేరితే ఏమైంది."

పిల్ల కంగారు పడకూడదని వదినే అలా అబద్ధం చెప్పి ఉంటుంది, తల్లి కదా అన్నాను. ఆయన సోఫా మీద కూర్చుని ఉన్నారు. పైన గది నుంచి చప్పుడేమీ లేదు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం నేను అంతకుముందు వినలేదు.

"రాత్రంతా నేనూ అట్టాగే అనుకున్నా," అన్నారు. "కాదు చెల్లెమ్మా. తను ఏం అడిగినా నేను ముందు ఎగతాళి చేసేవాణ్ణి, ఆ తర్వాత కారు తీసేవాణ్ణి. గుడికన్నా అంతే, బజారుకన్నా అంతే. పెళ్ళయిన కాడి నుంచీ అంతే. నేను ఎగతాళి చేశానంటే వస్తున్నానని లెక్క దానికి. అందుకే నవ్వింది. అందుకే పిల్లకి అట్టా చెప్పింది. నిన్న నేను చెప్పింది అబద్ధం కాదు."

నేను ఏదో అనబోయాను. ఆయన వినలేదు.

"ఆ రోజు నేనొచ్చేసరికి ఒంటి మీద బయటికి కట్టుకునే చీర ఉంది. చేతికి గడియారం పెట్టుకుంది. అంత ఉక్కలో ఎందుకు కట్టుకుందా అని ఇన్నాళ్ళూ అనుకుంటానే ఉన్నా."